అడుగు లేని అయిదు సీసాలు

జూన్ 4

మామయ్యకు,

ఉత్తరంలో మొదటి పంక్తి ఎలాగూ క్షేమసమాచారమే అని నువ్వు దాన్ని చదవవట, అత్తయ్య చెప్పింది. అందుకే దాన్ని ఇలా వృథా చేసి, సంగతి రెండో పంక్తి నుంచి మొదలుపెడుతున్నాను.

బడిలో చేరి మూడు రోజులైంది. లెక్కల గది పై అంతస్తులో. మెట్ల కింద పోయిన వస్తువుల గది. అందులో అరవై ఒక్క గొడుగులు, ఒంటి బూట్లు, మూతలు లేని డబ్బాలు, వాటి మధ్య కుర్చీలో ఒక మాస్టారు ఉంటారు. ఆయన ఒకప్పుడు పైన లెక్కలు చెప్పినవారే. తనిఖీలో తప్పారు. మా బడిలో తనిఖీ తప్పిన లెక్కల టీచరును ఉద్యోగంలోంచి తీసేయరు, మెట్ల కిందకు దింపుతారు. ఆయన దిగి పదకొండేళ్లయింది. పిల్లలు గొడుగుల మాస్టారు అంటారు. ఆగస్టు నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఖాళీగా ఉండటం మా పెద్దమేడానికి ఇష్టం లేదు. నా తనిఖీ ఆగస్టు ఇరవైన. నిన్న నేను మెట్లు దిగుతుంటే ఆయన కుర్చీని ఒకసారి దులిపి, "కాస్త కిర్రుమంటుందమ్మా, అలవాటైపోతుందిలే" అన్నారు.

నాకు ఆ కుర్చీ వద్దు మామయ్యా. చాక్‌పీసు పట్టుకోవడానికి ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలుసు.

తనిఖీకి ఇచ్చిన పాఠం మారే రాశులు. ఒకటి మారుతుంటే దాంతోపాటు రెండోది ఎలా మారుతుందో ఆలోచించి గ్రాఫ్ గీయాలి. నా క్లాసులో ఇరవై ఎనిమిది మంది. ఒకామె సైకిల్ మీద కొండ ఎక్కి దిగింది, ఆమె వేగం ఎలా మారిందో గీయండి అన్నాను. ఇరవై ఎనిమిది మందీ కొండ గీశారు. ఎక్కేటప్పుడు వేగం తగ్గదా అంటే, "తగ్గుతుంది టీచర్, కానీ ఆమె పైకే కదా పోతోంది?" అన్నారు. ఒకడైతే సైకిల్‌కు గంట కూడా గీశాడు.

అందుకని నీళ్లతో చెబుదామనుకున్నాను. సీసాలో కప్పు తర్వాత కప్పు నీళ్లు పోస్తుంటే ఎత్తు ఎలా పెరుగుతుంది? రెండూ పెరుగుతాయని అందరికీ తెలుసు. ప్రతి కప్పుకూ ఎంతెంత పెరుగుతోంది, ఆ పెరగడం ముందుకంటే ఎక్కువా తక్కువా అనేసరికి నోళ్లు మూతపడుతున్నాయి. వంకరటింకర సీసాలుంటే వాళ్లకు కళ్లకు కడుతుంది. నువ్వు గాజు కొలిమిలో అచ్చులు చేసేవాడివి, నీకిదెంత పని? కాగితం వెనక అయిదు గీతలు గీశాను. అడ్డంగా కప్పులు, నిలువుగా ఎత్తు. వాటి ప్రకారం అయిదు సీసాలు చేసి పంపు.

అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా? ఇదీ క్షేమసమాచారమే, కానీ చివర పెట్టాను కాబట్టి చదివేసే ఉంటావు.

నీ మేనకోడలు


జూన్ 21

పంతులమ్మకు,

చదివాను. అత్తయ్య మోకాలు బాగుంది, నోరు అంతకంటే బాగుంది.

ముందు నిన్ను మెచ్చుకోవాలి. మా పనిలో సీసా బొమ్మ ఎవరూ పూర్తిగా గీయరు. నిలువుగా ఒక గీత, దానికి కుడిపక్క సీసాలో సగం. ఆ సగాన్ని నిలువు గీత చుట్టూ ఒక చుట్టు తిప్పితే ఏ ఆకారం వస్తుందో అలా అచ్చు తొలుస్తాం. కొత్తవాళ్లకు ఇది నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. నువ్వేమో ఎవరూ చెప్పకుండానే సగాలు గీసి పంపావు. అడ్డంగా కప్పులని రాశావు చూడు, బడిలో వెడల్పును కప్పులతో కొలుస్తారు కాబోలని వెంటనే పట్టేశాను. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?

కానీ ఒక మాట. నీ అయిదు గీతలూ మూలలోనే మొదలవుతున్నాయి. మూలలో మొదలైతే సీసాకు అడుగెక్కడి నుంచి వస్తుందే? మొదటిది కన్నం లేని గరాటులా వచ్చింది. రెండోది బాకాలా విచ్చుకుంది. మూడోది గుండ్రటి గిన్నె, బల్ల మీద పెడితే మధ్యాహ్నం దాకా ఊగింది. నాలుగు, అయిదు ఎలా ఉన్నాయో చెప్పడం నా వల్ల కాదు, చూసి నువ్వే ఏడువు. ఒక్కటీ నిలబడదు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నిలబడని సీసా చేయడం ఇదే మొదలు. కొలిమి దగ్గర అందరూ పని ఆపి చూశారు. "ఇందులో ఏం పోస్తారు?" అని మా పెద్దమేస్త్రీ అడిగాడు. "చదువు" అన్నాను.

నా చేతి పని దొర్లి పగలడం చూడలేక అయిదింటికీ చెక్క పీటలు కూడా చేయించాను. తనిఖీలో నీకు తిరుగు లేదు.

గాజు మామయ్య


జులై 2

మామయ్యకు,

పీటలు చాలా బాగున్నాయి. సీసాల గురించి ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చించాను.

నువ్వు కూడా కొండే గీశావు మామయ్యా! అవి సీసా బొమ్మలు కావు. సీసా వేరు, అందులో నీళ్లు ఎక్కే తీరు వేరు. మొదటి గీత తిన్నగా పైకి పోయిందంటే ప్రతి కప్పుకూ ఎత్తు ఒకేలా పెరుగుతోందని అర్థం. దానికి తిన్నటి గోడలున్న మామూలు సీసా చాలు. నువ్వు పంపిన గరాటులో మొదటి కప్పుకు నీళ్లు జానెడు లేచాయి, పదో కప్పుకు గోరంత లేచాయి.

అసలు కష్టం అదీ కాదు. పిల్లలు పెట్టె విప్పారు. బోర్డు మీది గీతలు చూశారు, సీసాలు చూశారు. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి! "చూశారా టీచర్, గ్రాఫ్ అంటే బొమ్మే" అని ఇరవై ఎనిమిది మందీ బల్లలు చరిచారు. నెల రోజులుగా కాదు కాదని నేను నెత్తీ నోరూ బాదుకుంటుంటే, నువ్వు అవునని గాజుతో రుజువు చేసి పంపావు. సైకిల్‌కు గంట పెట్టినవాడు నా వైపు జాలిగా చూశాడు. బాకా సీసాను పెద్దమేడం తీసుకెళ్లి పెన్నులు వేసుకుంది. గొడుగుల మాస్టారు కిందినుంచి ఆ చప్పుడంతా విని, సాయంత్రం నన్ను ఆపి, "కుర్చీకి మెత్త కుట్టించమంటారా?" అని అడిగారు.

కోపంగా రాస్తున్నానని అనుకోకు. కోపంగానే ఉన్నాను, కానీ నీ మీద కాదు. కొంచెం నీ మీద కూడా.

నీ మేనకోడలు


జులై 11

పంతులమ్మకు,

కోపం తగ్గాక రాయమని అత్తయ్య అంది. తగ్గలేదు, అయినా రాస్తున్నాను. నేను సీసాలు చేసేవాణ్ణి. నీళ్లు చేసేవాణ్ణి కాదు. నీళ్ల సంగతి కావాలంటే కుళాయివాణ్ణి అడగాల్సింది.

అయినా మనసొప్పక కూర్చుని ఆలోచించాను. నీళ్లు ఒకచోట తొందరగా ఎక్కాలి, ఒకచోట నెమ్మదిగా ఎక్కాలి, అంతేగా నీకు కావలసింది? దానికి వంకర సీసాలెందుకే పిచ్చిదానా? అది సీసాలో లేదు, పోసే చేతిలో ఉంది. అయిదు తిన్నటి సీసాలు పంపుతున్నాను. అయిదింటికీ అడుగులున్నాయి, తడిమి చూసుకో.

పోసే పద్ధతి రాసుకో. మొదటి గీతకు ఒకే ధారగా పోయాలి. రెండో గీతకు ముందు బాల్చీతో కుమ్మరించినట్టు, తర్వాత కంట్లో మందు వేసినట్టు. మూడోదానికి ఇదే తిరగేసి. నాలుగోదానికి మధ్యలో ఆగి, ముక్కు చీదుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. అయిదోదానికి పోసేవాళ్లు ఇద్దరుండాలి, వాళ్లిద్దరికీ మాటలు ఉండకూడదు.

ఇంత అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాక కూడా అర్థం కాకపోతే తప్పు నాది కాదు.

గాజు మామయ్య


జులై 22

మామయ్యకు,

నీ పద్ధతుల కాగితం మా పిల్లలకు పాఠ్యపుస్తకం కంటే నచ్చింది. మాటల్లేని ఇద్దరు మా క్లాసులో తేలిగ్గానే దొరికారు. ముక్కు చీదడానికి మాత్రం పోటీ పడ్డారు. నీళ్లు గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి దిగాయి. కిందికి వెళ్లి చూస్తే గొడుగుల మాస్టారు గొడుగు వేసుకుని కూర్చున్నారు. పదకొండేళ్లలో ఆ గొడుగుల్లో ఒకటి పనికిరావడం ఇదే మొదటిసారట.

కానీ ఒకటి జరిగింది. కిటికీ పక్క బెంచీలో ఒక కళ్లజోడు పిల్ల ఉంది. జూన్ నుంచి నోరు విప్పలేదు. వీళ్లందరూ కుమ్మరిస్తుంటే, చుక్కలు వేస్తుంటే, అది స్కేలు పట్టుకుని ప్రతి కప్పుకూ ఎత్తు కొలుస్తూ కూర్చుంది. చివరికి లేచి, "టీచర్, ఎలా పోసినా కప్పుకు రెండు వేళ్లే పెరుగుతోంది. అయిదు సీసాలకూ ఒకే గీత వస్తుంది" అంది.

"మరి తొందరగా పోస్తే?" అన్నాను.

"తొందరగా అయిపోతుంది. అంతే. గీతలో కప్పు ఉంది, ఎత్తు ఉంది. గడియారం లేదు కదా టీచర్?"

మామయ్యా, నేను బోర్డు వైపు తిరిగి కాసేపు ఊరికే తుడిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నువ్వు అంత నమ్మకంగా తప్పు చేయకపోతే ఆ పిల్ల నోరు విప్పేది కాదు.

మిగిలిన ఇరవై ఏడు మంది ఇంకా ఒడ్డునే ఉన్నారు. దయచేసి ఇక సీసాలు పంపకు. ఒక్క పని చెయ్యి. ఇంట్లో పొట్టా మెడా ఉన్న సీసా ఏదైనా తీసుకో. పక్కన నిలువుగా కాగితం పట్టీ అంటించు. ఒక్కో కప్పు పోసి, నీళ్లు ఎక్కడిదాకా వస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. తర్వాత ఆ గీతల మధ్య దూరాలు చూడు. నువ్వు అర్థం చేసుకుంటే నా పిల్లలు కూడా చేసుకుంటారని ధైర్యం వస్తుంది. దీన్ని పొగడ్తగానే తీసుకో.

నీ మేనకోడలు


ఆగస్టు 6

అమ్మాయ్,

పట్టీ అంటించాను. చిన్న కప్పుతో పోశాను. పొట్ట దగ్గర గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు దగ్గర దగ్గరగా వచ్చాయి. మెడలోకి రాగానే అదే కప్పుకు గీత ఎగిరి ఎక్కడో పడింది. ఇంకో కప్పు పోస్తే బల్లంతా తడిసింది. నేను గట్టిగా అరిచాను. అత్తయ్య పరుగున వచ్చి, చూసి, నెత్తి కొట్టుకుంది.

నీకు తెలుసుగా, అది ఇరవై ఏళ్లుగా మందుల దుకాణం వెనక గదిలో సిరప్ సీసాలు నింపుతోంది. "మెడ దగ్గరికొచ్చాక చెయ్యి బిగబట్టి పొయ్యాలని ఇప్పుడు తెలిసిందా తమరికి?" అంది. "పొట్టలో చెంచాడు పోస్తే కదలనట్టే ఉంటుంది. మెడలో చెంచాడు పోస్తే వేలెడు లేస్తుంది. మొదటిరోజే చేతులు జిగటైపోయి తెలుసుకున్నాను."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాను.

"మీరు సీసాలు చేసేవారు కదా, మీకు తెలియదని నాకేం తెలుసు?" అంది.

సిగ్గేసింది అమ్మాయ్. ముప్పై ఒక్క ఏళ్లలో లక్షల సీసాలు చేసి ఉంటాను. ఒక్కదానిలోనూ ఏమీ పోసి చూడలేదు. సీసా అంటే నాకు బయటి గీతే. లోపల ఏం జరుగుతుందో నింపేవాళ్లకే వదిలేశాను.

నువ్వు వద్దన్నావు, అయినా ఒక సీసా పంపుతున్నాను. దీనికి ముందు బొమ్మ గీయలేదు. ముందు పట్టీ మీద నాకు తోచినట్టు పన్నెండు గీతలు పెట్టాను, నీళ్లు అలా ఎక్కాలంటే సీసా ఎక్కడ లావు ఉండాలో, ఎక్కడ సన్నబడాలో అత్తయ్యా నేనూ మూడు రోజులు పోట్లాడుకుని చేశాం. పట్టీ విడిగా కవరులో పెట్టాను. సీసాను దాచిపెట్టి, పట్టీ చూపించి, పిల్లల చేత సీసా గీయించు. తర్వాత పెట్టె విప్పు. అచ్చు కోసం తర్వాత గీసిన సగం బొమ్మ నా దగ్గరే ఉంచుకున్నాను, ఎవరూ చూసి గీయకుండా.

మామయ్య


ఆగస్టు 21

మామయ్యకు,

నీ పెట్టె తనిఖీ రోజు పొద్దున వచ్చింది. ఊపితే గలగలమంది. పట్టీ మాత్రం కవరులో నలగకుండా ఉంది.

ఇంకేం చేయను? పట్టీని బోర్డుకు అంటించాను. "ఒక్కో గీత ఒక్కో కప్పు. ఈ సీసా ఎలా ఉంటుంది?" అన్నాను. ఇన్‌స్పెక్టరమ్మ వెనక బెంచీలో కాగితాల అట్ట పట్టుకుని కూర్చుంది. ముందుగా, నమ్ముతావో లేదో, సైకిల్ గంటవాడు లేచాడు. "కింద గీతలు దగ్గరగా ఉన్నాయి, అడుగు వెడల్పు టీచర్" అన్నాడు. ఎవరో "అయిదో కప్పు చూడు, ఎంత ఎగిరిందో, అక్కడ నడుం ఉంది" అన్నారు. "నడుం పైన మళ్లీ పొట్ట." "కింది పొట్ట కంటే పై పొట్ట పెద్దది, గీతలు ఇంకా దగ్గరకొచ్చాయిగా!" "చివర మెడ." అరుచుకున్నారు, బోర్డు దగ్గర తోసుకున్నారు, చెరిపి మళ్లీ గీశారు. ఒక్కరు కూడా కొండ గీయలేదు మామయ్యా. ఇరవై ఎనిమిది మందీ ఒకే సీసా గీశారు.

అప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ లేచి, "సీసా ఎక్కడ?" అంది.

"పగిలింది మేడం. కానీ ఇలాగే ఉండేది" అంది కళ్లజోడు పిల్ల.

"నువ్వు చూశావా?"

"లేదండీ."

"మరెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదండీ. పట్టీ చెప్పింది."

ఆమె కాగితంలో 'బోధనోపకరణం: ఉంది, లేదు' అని ఒక గడి ఉంది. లేదు దగ్గర టిక్కు పెట్టింది. కింద ఇలా రాసింది: "విద్యార్థులు లేని సీసా గురించి నలభై నిమిషాలు మాట్లాడారు."

సెప్టెంబర్ ఒకటి నుంచి మెట్ల కింద గది నాది. గొడుగుల మాస్టారు తాళంచెవి నా చేతిలో పెట్టి, అరవై ఒకటీ లెక్కబెట్టి అప్పజెప్పారు. పాపం, మెత్త కూడా కుట్టించారు. దాని మీద కూర్చుని ఏడ్చాను. నీకు చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నీ మేనకోడలు


ఆగస్టు 27

అమ్మా,

పెట్టెలో ఇంకో దోసెడు ఊక వేయాల్సింది. ముప్పై ఒక్క ఏళ్లుగా గాజు పంపుతున్నవాణ్ణి, తొందరలో చేత్తో నొక్కి చాల్లే అనుకున్నాను. ఈ తప్పు పూర్తిగా నాది. అన్నం సహించడం లేదు. ఆ ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి నేను వచ్చి చెబుతానంటే అత్తయ్య ఆపింది, మీరు చెబితే దానికున్న కుర్చీ కూడా పోతుందని.

సగం బొమ్మ ఇందులో పెట్టాను. పిల్లలు గీసినదాని పక్కన పెట్టి చూడు. నేనిక చేయగలిగింది ఇదొక్కటే.

ఆ గదికి కిటికీ ఉందా అని అత్తయ్య అడుగుతోంది.

మామయ్య


సెప్టెంబర్ 20

మామయ్యకు,

కిటికీ లేదని అత్తయ్యకు చెప్పు. పిల్లలు మెట్ల మీద కూర్చునే వీలుండాలని తలుపు మూయడం లేదు. ఏం పిల్లలంటావా, అదే చెప్పబోతున్నాను.

మొదటిరోజు కళ్లజోడు పిల్ల కళ్లజోడు లేకుండా గోడ తడుముకుంటూ వచ్చింది. "పోయింది టీచర్. ఇక్కడికేమైనా వచ్చిందా?" అంది. కళ్లజోడు దాని జేబులోంచి తొంగిచూస్తోంది. "వెతకాలి, గంట పడుతుంది" అన్నాను. ఆ గంటలో నీ సగం బొమ్మ తీసి వాళ్లు గీసినదాని పక్కన పెట్టాం. నడుం కాస్త పైకి గీశారు, అంతే. తక్కినదంతా అచ్చు గుద్దినట్టు ఉంది. దాని మొహం నువ్వు చూడాల్సింది.

తర్వాత గంటవాడి బూటు పోయింది. ఆ తర్వాత ఇంకొకరి డబ్బా మూత. బడి నిబంధన ప్రకారం వస్తువు పోయినవాళ్లు అది దొరికేదాకా గదిలో కూర్చోవచ్చు. పైన కొత్త లెక్కల మాస్టారు ఉన్నారు, మంచివారే. కానీ ఆయన హాజరు పిలుస్తుంటే ఒక్కొక్కరికీ ఏదో ఒకటి పోయినట్టు గుర్తొస్తోంది. పోయిన వారానికి పై గదిలో ఆయన ఒక్కరే మిగిలారు. పెద్దమేడం దిగి వచ్చి, రిజిస్టరు తిరగేసి, "ఇంతమంది వస్తువులు పోయాయంటే బడికి అప్రతిష్ఠ" అంది. రెండు రోజులు ఆలోచించి, వస్తువులు పోలేదనీ, లెక్కల క్లాసే దారి తప్పి ఈ గదికి చేరిందనీ తేల్చింది. నిన్న నల్లబల్లను కూడా దింపించి, రిజిస్టరులో 'నల్లబల్ల, ఒకటి, దొరికింది' అని నా చేతే రాయించింది. నా ఉద్యోగం పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. గొడుగులూ నావే, క్లాసూ నాదే. కొత్త మాస్టారికి ఇంకో బడిలో చోటు దొరికింది.

ఇన్‌స్పెక్టరమ్మ తనిఖీ రోజు మరిచిపోయిన గొడుగు కోసం మళ్లీ వచ్చింది. అరవై రెండోది అదే. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పోయిందో రాయమంటే, "ఇది నాదేనని చూస్తే తెలియడం లేదా?" అంది. "పోతుంటే ఎవరైనా చూశారాండీ?" అని కళ్లజోడు పిల్ల ఎంతో మర్యాదగా అడిగింది. ఆమె మొహం తిప్పుకుంది. వర్షం తగ్గేదాకా మెట్ల మీద కూర్చుని పాఠం విన్నదిలే. గొడుగు ఇచ్చేశాను.

ఈ కవరులో ఒక పట్టీ పెట్టాను. ఒక్కో గీత ఒక్కో రోజు. ఎత్తు అంటే ఆ రోజు నా గదిలో ఉన్న పిల్లలు. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, నలుగురు, ఏడుగురు, అలా. పై గీత ఇరవై ఎనిమిది. సీసా ఎలా ఉంటుందో చెప్పు. అత్తయ్యను అడక్కుండా చెప్పాలి.

నీ మేనకోడలు


సెప్టెంబర్ 28

పంతులమ్మకు,

అడగలేదు. పట్టీని కొలిమి దగ్గర బల్ల మీద పెట్టుకుని నేనే చూశాను. పెద్దమేస్త్రీ వచ్చి, "మళ్లీ అడుగు లేని సీసానా?" అన్నాడు.

కింద గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ దూరం జరిగాయి. అంటే కింద బాగా వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. సగం బొమ్మ గీసి వాడికి చూపించాను.

"లేదురా, దీనికి అడుగుంది. ఇది నిలబడుతుంది" అన్నాను.

మామయ్య